రోడ్డు మీద వడ్లు

ఆ రాయి తనదో, పక్క కుప్ప రాజమౌళిదో ఆరేళ్లుగా మొగిలయ్యకు తేలలేదు. నెక్కొండ పోయే రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చడం అందరూ చేసేదే. ఒక రాత్రి బైకు మీద వచ్చిన ఒకతను ఆ రాయికి తగిలి పడ్డాడు. "కాకా, జర నీళ్లు" అని అడిగాడు. కేసు మీద పడుతుందన్న భయంతో మొగిలయ్య చీకట్లో కదలకుండా కూర్చున్నాడు. తెల్లారేసరికి అతని ప్రాణం పోయింది.

ఈ యాసంగి కోతలప్పుడు పోలీసులు వచ్చి రాళ్లు తీసేయమన్నారు. పొద్దుగూకాక మొగిలయ్య సమ్మక్క తల్లికి మొక్కుకుని, ఒక్కో రాయీ ఎత్తి కాలువలో పడేశాడు. చివరిది పడేసి తిరిగి చూస్తే తెల్లగీత పక్కన ఇంకో రాయి ఉంది. దాన్నీ పడేశాడు. మళ్లీ అక్కడే ఉంది. ఈసారి ముట్టుకుంటే ఒంటిలా వెచ్చగా తగిలింది.

అప్పటిదాకా ఎడతెగకుండా పోతున్న లారీలు ఆగిపోయాయి. కీచురాళ్లూ అరవడం మానేశాయి.

"ఎన్ని తీస్తవ్ కాకా?" నేల మీద నుంచి ఎవరో నవ్వారు. "గీ రాళ్లల్ల నీదేది?"

"తెల్వది బిడ్డా... నాదే కావచ్చు."

"గా మాట అనేటందుకు ఆరేండ్లు పట్టిందా? తల్లికి మొక్కుతవ్, మనిషికి గుక్కెడు నీళ్లియ్యవ్!"

మొగిలయ్య తన నీళ్ల సీసా మూత తీసి, గొంతు వచ్చిన చోట వంచాడు. తారు మీద చుక్క తడి కూడా కనబడలేదు. చీకట్లో గుటకలు మాత్రం వినబడ్డాయి. సీసా ఖాళీ అయ్యాక కూడా అవి ఆగలేదు.