రంగూన్ దాకా

“కళ్ళతోని చూసినంక గూడ ఇంక ఆలోచనేంది?” అంది విద్యావతి భర్తతో.

అద్దెకిచ్చిన ముందుగది గోడ వెనక, పాత కాగితంలో చుట్టిన చేపముళ్ళు దొరికాయి. పొద్దుటి నుంచి ఇంట్లో అదే గొడవ.

సుబ్బయ్య దుకాణం తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. వజీరాబాద్‌లో కిరాణం దుకాణం అతనిది. కోమట్ల ఇల్లు. ఆ ఇంట్లో గుడ్డు పేరు కూడా ఎవరూ ఎత్తరు.

“ముసలాయన. ఎవ్వరు లేరు. ఏడికి పోతడు?” అన్నాడు.

“లోకమంత తిరిగినోడు గద. ఆయనకు జాగ కరువా?”

“ఆయనొచ్చినంకనే అమ్మ నవ్వుతున్నది.”

“నవ్వుతున్నదని ఇంట్ల చేపలు వండుకోనిస్తమా?”

సుబ్బయ్య దుకాణానికి వెళ్ళిపోయాడు.

రామదాస్ ఎండాకాలంలో ఆ గదిలోకి అద్దెకొచ్చాడు. ఓడల మీద పనిచేసి మానేశానన్నాడు. ఆ గల్లీలో ఎవరైనా దుకాణం పేరు చెప్పి ఇల్లు అడుగుతారు. అతను మాత్రం “నర్సవ్వ ఇల్లు ఏది?” అని అడుగుతూ వచ్చాడు.

నర్సవ్వ సుబ్బయ్య తల్లి. పెద్దకొడుకు శివరాం తండ్రితో తగవుపడి బొంబాయి రైలెక్కినప్పటి నుంచి ఆమెకు మాట తగ్గింది. ఇరవై ఏళ్ళుగా అతని జాడ లేదు. ఏటా పెత్రమాసకు, పోయినవాళ్ళ పేరున ఆకుల్లో బియ్యం పెట్టేటప్పుడు, ఎవరైనా శివరాం పేరెత్తితే ఆమె ఒప్పుకునేది కాదు.

“నా కొడుకు ఏడనో ఉన్నడు,” అనేది.

అలాంటి నర్సవ్వ, సాయంత్రం కాగానే అరుగు మీదికి చేరి రామదాస్ కోసం ఎదురుచూసేది. అతని కబుర్లు వంటింట్లోకి వినబడుతుండేవి.

“సముద్రంల చేపలు ఎగురుతయి అవ్వా, పిట్టల లెక్క.”

“ఎగిరి ఏడ వాల్తయి?”

“మళ్ళ నీళ్ళల్లనే.”

“గంత దానికి ఎగురుడెందుకు?”

ఇద్దరూ నవ్వుకునేవారు.

“మొంబాస దిక్కు జిరాఫీలుంటయి. ఒంటెకు నిచ్చెన కట్టినట్టు. చూడంగనే, తక్కెడల పెడితే ఇది ఎన్ని మణుగులు తూగుతదో అనుకున్న.”

ఆ మాట విన్న రోజు నర్సవ్వ నవ్వలేదు, అతని దగ్గరికి జరిగింది. తర్వాత మెల్లగా, “ఇంకేం చూసినవ్ బిడ్డా?” అంది.

“లండన్ల పగలే దీపాలు పెడ్తరు, అంత పొగమంచు. ఓడల అందరు చేపలే తింటుండె. నేను ముట్టలే. పుట్నాలు బుక్కి పడుకుంటి.”

అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతూ విద్యావతి కూడా నవ్వుకుంది.

ఇవాళ మాత్రం చేపముళ్ళ పొట్లం తెచ్చి అరుగు మీద అతని ముందు పెట్టింది.

“పుట్నాలు బుక్కిన అంటిరి. మరి ఇవేంది?”

రామదాస్ తల వంచుకున్నాడు.

“తింట తల్లీ. నేను చేపలు తింట.” నర్సవ్వ వైపు తిరిగాడు. “అవ్వా, నీకొక మాట చెప్పాలె. వచ్చిన్నాడే చెప్పాల్సింది...”

“వద్దు,” అంది నర్సవ్వ. “ఏం చెప్పకు.”

అత్తకు కూడా కోపమొచ్చిందనుకుంది విద్యావతి. కానీ నర్సవ్వ కోడలి కొంగు పట్టుకుంది.

“రంగూన్ ముచ్చట సగంల ఉన్నది. అది అయ్యేదాక ఉండనీయరాదు?”

“రంగూన్ గూడ అబద్ధమే అత్తమ్మా.”

మర్నాడు రామదాస్ రేకుపెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు.

గదిలోకి నూనెడబ్బాలు చేరాయి. సాయంత్రాలు అరుగు మీద నర్సవ్వ ఒక్కతే కూర్చునేది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడితే తలెత్తేది, మళ్ళీ దించుకునేది. విద్యావతి ఇచ్చిన చాయ్ మీగడ కట్టి అలాగే లోపలికి వచ్చేది.

“తాగలేదేంది అత్తమ్మా?”

“ఒక్కదాన్నే గద,” అనేది.

పెత్రమాస ఇంకో రెండు రోజులుందనగా సుబ్బయ్య కబురు తెచ్చాడు. రామదాస్ సర్కారు దవాఖానలో చనిపోయాడు. అతని కోసం ఎవరూ రాలేదట.

నర్సవ్వ విన్నది. లేచి ముందుగది గడప దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

పెత్రమాస పొద్దున అయ్యగారు వచ్చి కూర్చున్నారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. సుబ్బయ్య తండ్రికీ తాతకూ ఆకులు వేశాడు.

“ఇంకో రెండు ఆకులు తే మీరా,” అంది నర్సవ్వ మనవరాలితో.

“రెండెవరికి అత్తమ్మా?” అంది విద్యావతి.

“ఒకటి రామదాస్‌కు.”

“ఆయన మనకేమయితడు? చెప్పినయన్ని అబద్ధాలాయె.”

“ముచ్చట్లు నిజమే బిడ్డా. చూసింది వేరేటోడు.” నర్సవ్వ ఆకును అరచేత్తో తుడిచింది. “ఓడల గూడ చేప ముట్టక పుట్నాలు బుక్కినోడు. జిరాఫీని చూసి తక్కెడ యాదికి తెచ్చుకున్నోడు. చిన్నప్పుడు మాళేగావ్ జాతరల ఒంటెను చూసి గూడ, ఇది ఎన్ని మణుగులుంటదే అమ్మా అని నన్ను అడిగినోడు.”

సుబ్బయ్య పిడికిట్లో బియ్యం అలాగే ఉండిపోయింది.

“తెలిసి గూడ అడగలేదా అమ్మా?”

“అడిగితే, మీ అన్న సచ్చిపోయిండని చెప్తుండె. ఆయన అది చెప్పనీకే వచ్చిండు పాపం, నోరు రాలే. అడగకుంటే రోజుకో ఊరు చూపెట్టిండు.”

విద్యావతికి రేకుపెట్టెతో గుమ్మం దిగుతున్న మనిషి కళ్ళముందు మెదిలాడు. ఆనాటికి కథ ఇంకా రంగూన్‌లోనే ఉంది.

అయ్యగారు రెండో ఆకు చూపించి పేరు అడిగారు.

“శివరాం,” అంది నర్సవ్వ, ఇంట్లో అందరికీ వినబడేలా. “ఇగనుంచి ఇద్దరికీ ఏటా పెట్టుండ్రి.”