ఏటి అవతలి ధర

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. తడిసిన మొక్కజొన్న కంకులను వసారాలోకి చేరవేసి తండ్రీ కూతురూ కూర్చున్నారు. కూతురు గింజలు వలుస్తోంది. తండ్రి ఫోన్ తీశాడు.

"ఆక్సిజన్ మిషన్ మన దగ్గర పన్నుతో కలిపి నిన్నటి ధరేనమ్మా. ఏటి అవతలి దేశంలో పన్ను లేదు గానీ, డబ్బు మార్పిడిలో కోత పడుతుంది. కొండ అవతల సరుకు చవకే, సుంకం కట్టేసరికి తడిసి మోపెడవుతుంది."

"ఇంకో దేశం మిగిలిందా నాన్నా? ఇన్ని సంతలు తిప్పితే ఎద్దు కూడా ముసలిదైపోతుంది."

"నవ్వు, నవ్వు. డబ్బులు ఊరికే వస్తున్నాయా?"

కాసేపటికి ఆయన లోపలి గది వైపు చెవి ఒగ్గాడు.

"మీ అమ్మకు ఆయాసం ఎక్కువైనట్టుంది. ఇక బేరాలొద్దు, ఏటి అవతలిదే కొనేస్తాను. ఒక మాట అడిగి రా."

కూతురు చేతులు దులుపుకుని లోపలికి వెళ్లింది. మంచం మీద చుట్టిపెట్టి ఉన్న పరుపు పక్కన కొంచెంసేపు నిలబడి, తిరిగి వచ్చింది.

"రేపు ఇంకాస్త తగ్గుతుందేమో, ఆగమంటోంది నాన్నా."

"అదీ నిజమే," అంటూ ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

తల్లి కిందటి వానాకాలంలో, ధర తగ్గేదాకా చూద్దామని ఆయన ఆగిన వారంలోనే, తెల్లవారకముందు పోయింది.