మరమనిషి ఊపిరి

మేం చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగిన మరమనిషి సినిమాను మళ్లీ కొత్తగా తీశారు. మొదటి ఆట చూసి బయటికొస్తూనే నేను తగువుకు దిగాను.

"పాత మూడు భాగాల్లోనూ మరమనిషి ప్రతి మాటకీ ముందు ఊపిరి పీల్చేది. వీళ్లు ఆ ఊపిరినే పీకి పారేశారు."

"గొంతు అచ్చం అదే కదరా, కంప్యూటర్‌తో పుట్టించారు," అన్నాడు నా స్నేహితుడు. "అయినా యంత్రానికి ఊపిరెందుకు?"

"అది నటన. నీకేం తెలుసు?"

వెనకే మెట్లు దిగుతున్న పెద్దావిడ ఆగింది. "నటన కాదు నాయనా, ఉబ్బసం. ఆ గొంతు మా ఆయనది. పోయి తొమ్మిదేళ్లయింది."

నేను ఆవిడ వైపు తిరిగాను. "మీకూ కొత్తది నచ్చలేదా అమ్మా?"

"ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆయాసపడకుండా మాట్లాడగా వినలేదు. ఇవాళే విన్నాను."

ఆవిడ వెళ్లి మళ్లీ టికెట్ల వరుసలో నిలబడింది.