రోజుకో తేదీ

"ఇంకా అక్టోబరులోనే ఉన్నారా, కామేశ్వరరావుగారూ?"

అద్దాల గదిలోంచి మేనేజరు ఉదయ్ భాస్కర్ గొంతు హాలంతా వినబడింది. కామేశ్వరరావు తల వంచుకున్నాడు. "పుస్తకాలన్నీ తిరగేయాలి కదండీ. చూస్తున్నానండీ" అన్నాడు.

మాదాపూర్‌లో అది కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ కంపెనీ. వాళ్ల తెలుగు వెబ్‌సైట్ మొదలయ్యేది రెండువేల సంవత్సరం జనవరిలో. అందులో 'చరిత్రలో ఈ రోజు' శీర్షిక కామేశ్వరరావుది. ఏడాదిలో ప్రతి తేదీకీ ఒక పేజీ. ఆ తేదీన ఏయే సంవత్సరాల్లో ఏమేం జరిగాయో అందులో రాయాలి. 1933లో హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ అయిన జనవరి ముప్పైనే 1948లో గాంధీజీని చంపారు. మామూలుగా రోజుకో పేజీ రాసే కామేశ్వరరావు, ఆ పేజీకి ఏకంగా రెండు రోజులు తీసుకున్నాడు.

ఆఫీసులో మిగతావాళ్లంతా పాతికేళ్ల పిల్లలు. టకటకలాడించేస్తారు. ఈయనకు యాభై ఏడు. ఒంటివేలితో వెతుక్కుంటూ ఒక్కో అక్షరం కొడతాడు. నత్తనడక నయమని పిల్లలు చాటున నవ్వుకునేవారు. టీ ఇచ్చే లింగయ్యకు చాటుమాటుల్లేవు.

"జర తొందరగ కొట్టున్రి సారూ. గిట్లయితే నౌకరి ఉంటదా?"

పక్క సీటు జయంతికి మాత్రం నవ్వు రాలేదు. భయమేసింది. ఆయన పనిచేసిన పత్రిక మూతపడింది. ఆ వయసులో ఇంకెవరూ ఉద్యోగమివ్వలేదు. భార్య భ్రమరాంబకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఈ జీతం ఆగితే అదీ ఆగుతుంది.

ఆ పిల్ల మనసు వెన్న. చెబితే వద్దంటాడని ఆయనకు చెప్పలేదు. చందానగర్‌లో తన గదిలో రోజూ పొద్దున్నే లేచి, పుస్తకాలు ముందేసుకుని, డిసెంబరు ముప్పై ఒకటి నుంచి వెనక్కి రాసుకుంటూ వచ్చింది. నెల తిరిగేసరికి నవంబరు ఒకటి దాకా వచ్చేసింది.

ఆయన అక్టోబరు ముగించిన రోజే, తను రాసినవన్నీ టైపు చేసి పెట్టుకున్న ఫ్లాపీ తీసుకెళ్లి ఉదయ్ భాస్కర్ బల్ల మీద పెట్టింది.

"కామేశ్వరరావుగారు అంతా పూర్తి చేసేశారండీ."

తన పేరు ఎత్తనే లేదు. వెనక్కి వచ్చి, ఆయనకు మాత్రం సంగతంతా చెప్పింది.

"ఇక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు బాబాయిగారూ!"

ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది.

"అప్పుడే ఇచ్చేశావా అమ్మా?"

"అవునండీ. తప్పులేమైనా ఉంటాయంటారా?"

"ఉండవులే. నువ్వు బాగానే రాసుంటావు."

ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి జయంతికి కడుపు నిండినట్టయింది.

అంతలో ఉదయ్ భాస్కర్ పిలిచాడు. "జయంతీ, కామేశ్వరరావుగారి ఫైల్ పట్రామ్మా."

జీతం పెంచుతారేమోనన్న ఆశతో ఆమె బీరువాలోంచి ఫైల్ తీసి, నడుస్తూనే తెరిచింది.

ఉద్యోగ ఒప్పందంలో ఆయన సంతకం పైన ఒకటే షరతు ఉంది: "మూడువందల అరవై ఆరు తేదీలూ పూర్తయిన రోజుతో ఈ ఉద్యోగం ముగుస్తుంది."