నాలుగో రాయి

వంతెనకు శిలాఫలకం వేయడానికి వచ్చిన కుర్ర నాయకుడి చేయి పట్టుకుని నాగక్క అడిగింది. "పెండ్లయిందా బిడ్డా?"

"ఇంకా లేదవ్వా," నవ్వాడతను.

"జల్దీ చేసుకో. కొడుకును కను. ఆడు గూడ మీ తాత లెక్క, మీ నాయిన లెక్క పెద్ద లీడరై మా వాగుకు రావాలె."

జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. చర్ల అవతలి ఈ ఊరి బడికి వాలంటీరు టీచరుగా వచ్చి నెలయింది. నాగక్క ఇంట్లోనే ఉంటున్నాను. ఆమె కూతురికి తొమ్మిదో నెల. చిన్న వాగే కానీ తొలి వానలకే నడుము లోతు పారుతోంది, అది దాటందే దవాఖానా లేదు. మూడు తరాలుగా వంతెన కట్టకుండా రాళ్లు మాత్రం పాతి వెళ్తున్న ఇంటికి ఈమె వారసుణ్ని కోరుతుందా?

కార్లు కదలగానే అడిగేశాను. "సిగ్గనిపించలేదా నాగక్కా?"

ఆమె గడ్డపార అందుకుంది. నలుగురు మగవాళ్లు కొత్త రాతిపలకను పెకలించి వాగులోకి మోశారు. తాత పేరున్న రాయి, తండ్రి పేరున్న రాయి అప్పటికే అక్కడ బండల మీద పరిచి ఉన్నాయి. వాటి కొసకు మూడోదాన్ని వేశారు, చెక్కిన వైపు పైకి ఉండేలా.

"అచ్చరాలుంటె కాలు జారది టీచరమ్మా," అంది నాగక్క.

నిండు కడుపుతో కూతురు మూడు రాళ్లూ నడిచి, ఆగిపోయింది. అవతలి గట్టుకు ఇంకొక్క రాయి పట్టేంత నీళ్లున్నాయి.

అతనికింకా పెళ్లి కాలేదు.