మామిడిపల్లి మలుపు

“పీసాలో ఆ వాలిన గోపురం ఎక్కి తీరాలి. పైనుంచి పెద్ద రాయి, చిన్న రాయి ఒకేసారి వదలాలి.”

“రాళ్లతో పైకి పోనివ్వరు నాన్నా. హాయిగా వెనిస్‌లో పడవ ఎక్కుదాం.” కారు నడుపుతూనే నవ్వింది రేవతి.

చలపతి ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన లెక్చరర్. ఇటలీ టికెట్లు ఖాయం చేసుకోవడానికి తండ్రీ కూతుళ్లు ఆదివారం పొద్దున్నే శంషాబాద్ విమానాశ్రయానికి బయలుదేరారు.

మామిడిపల్లి మలుపులో ఒక మనిషి పొడవాటి కర్ర ఊపుతూ కారుకు అడ్డంగా దూకాడు.

రేవతి స్టీరింగు పక్కకు తిప్పింది. టైరు ఫెళ్లున పేలింది. కారు గిర్రున తిరిగి రాతిగట్టును గుద్దుకుంది.

ఆమె నుదురు చిట్లి, రక్తం కళ్లలోకి కారింది.

ఆ మనిషి కర్రతోనే కారు వైపు పరుగెత్తుకొచ్చాడు.

“దగ్గరికి రాకు!” చలపతి గొంతు చించుకున్నాడు.

టీకొట్టు దగ్గరి జనం వచ్చి అతణ్ణి ఒడిసిపట్టారు. పంక్చరు షాపు బాలమల్లు అతని భుజాన ఉన్న సంచి లాక్కుని రోడ్డు మీద గుమ్మరించాడు.

తుప్పు పట్టిన మేకులు. మేకులు గుచ్చిన నిమ్మకాయలు. వాటికి కుంకుమ.

“బాణామతిరో!”

మొదటి తన్ను పొట్టలో పడింది. రెండోది దవడ మీద. రక్తంతోబాటు ఒక పన్ను రోడ్డు మీద రాలింది.

“నేను గాదన్నా... జర ఇనుండ్రి...”

చలపతి కారు దిగాడు. మంత్రాల పేరుతో మనుషులను కొట్టడాన్ని ఖండిస్తూ ఎన్నో ఊళ్లలో ఉపన్యసించిన మనిషి, చూస్తూ ఊరుకోలేకపోయాడు.

“ఆగండి! బాణామతి అనేది ఎక్కడా లేదు. అది వట్టి అజ్ఞానం!”

ఆ గొంతులోని తరగతి గది అధికారానికి చేతులన్నీ ఆగాయి.

కింద పడ్డ మనిషి ఆశగా తల ఎత్తాడు. “సారూ... మొలలు... రోడ్డు మీద...”

చలపతి వంగి, టైరులో దిగబడ్డ మేకును చూశాడు. సంచిలోంచి రాలిన మేకు ఒకటి తీసి దాని పక్కన పెట్టాడు. అదే పొడవు. అదే తుప్పు.

ఆయనకు అది చాలింది.

“ఇది మంత్రం కాదు. మేకులు చల్లి, టైరు పేలగానే మీదపడి దోచుకునే ఎత్తు. ఇదిగో సాక్ష్యం!”

అంతదాకా భయంతో కొట్టినవాళ్లకు ఇప్పుడు న్యాయం దొరికింది.

“చదువుకున్న సారే చెప్తుండు. ఇంకేందిరా చూసుడు!”

జాకీ రాడ్డు మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కారు దాకా వినిపించింది. తర్వాతి దెబ్బ తల మీద.

“చాలు, పోలీసులకు అప్పగించండి” అన్నాడు చలపతి. ఎవరూ వినలేదు. ఆయన రెండోసారి అనలేదు. కూతురి నుదుటికి చేతిరుమాలు అదుముతూ ఉండిపోయాడు.

పోలీసు జీపు వచ్చేసరికి ఆ మనిషిలో కదలిక లేదు.

రేవతి నుదుటికి కుట్లు వేయించి, సాయంత్రం వాంగ్మూలం ఇవ్వడానికి చలపతి ఆ మనిషిని చేర్చిన ఆసుపత్రికి వెళ్లాడు.

“పేరు కుర్మయ్యంట. ఇప్పుడే పానం పోయింది” అన్నాడు కానిస్టేబుల్. “మీ కారుకు అడ్డమొచ్చింది గీ కర్రతోనేనా సారు?”

చలపతి కర్ర అందుకున్నాడు. చివర, పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తీగతో బిగించి ఉంది. దానికి గుత్తిగా మేకులు అతుక్కుని ఉన్నాయి.

చల్లేవాడికి అయస్కాంతం ఎందుకు?

పొద్దుననే ఈ కర్ర కొస చూసి అడగవలసిన ప్రశ్న.

వరండా గోడకు జారగిలబడి కుర్మయ్య భార్య లచ్చమ్మ కూర్చుంది. భర్త పోయిన సంగతి ఆమెకింకా ఎవరూ చెప్పలేదు. కర్రను చూసి తనంతట తానే మొదలుపెట్టింది.

“అమాస అమాసకు గా మలుపుల మొలలు గుచ్చిన నిమ్మకాయలు ఏసి పోతరు సారూ. నిరుడు గా మొల టైరుకు దిగి మా లక్ష్మణ్ బండి పడ్డది. చేతికొచ్చిన కొడుకు, ఆడనే పాయె. గప్పటిసంది మా ఆయన రోజూ పొద్దుగాల్నే పోయి ఏరుతడు.”

చలపతి కర్రను ఆమె పక్కన గోడకు ఆనించాడు.

“ఏరుడు అయ్యేదాక వచ్చే బండ్లను ఆపుతడు” అంది లచ్చమ్మ. “లోపల మా లక్ష్మణ్ ఈడు పిల్లలు కనవడ్డరంటే, ఇగ తన పానం గూడ చూసుకోడు సారూ, అడ్డం దునుకుతడు.”