పిడుగు గారి పతకం

"ఇందులో 'ముత్తాత' అనే మాట ఏదమ్మా?" అన్నాడు మ్యూజియం కమిటీ ఛైర్మన్, పతకం పక్కన పెట్టాల్సిన అట్టముక్కను అటూ ఇటూ తిప్పుతూ.

క్యూరేటర్ ఫైల్లోంచి ఒక కాగితం తీసింది.

పతకం అరచేతిలో ఇమిడే వెండి బిళ్ల. నూరేళ్ల కిందట కొండల మీదికి దండయాత్రకు వెళ్లొచ్చిన దళానికి ఇచ్చినది. దాని అంచు మీద చెక్కిన అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి: '31, పిడుగు, కొండ ఫిరంగుల దళం.'

ఆ పేరు చాలు ఛైర్మన్‌కి. ఊళ్లో వాళ్లింటిని 'పిడుగు వారి ఇల్లు' అంటారు. ఎందుకంటారో ఎవరికీ తెలియదు. కిందటి నెల దాకా ఆయనకూ తెలియదు. పాత పెట్టెలో ఈ పతకం దొరికిన మర్నాటికల్లా తెలిసిపోయింది. కోరమీసాల ముత్తాత బొమ్మ ఒకటి గీయించాడు. తాముండే వీధికి ఆ పేరు పెట్టించాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఇక మ్యూజియం ముద్ర ఒక్కటే తక్కువ.

"సైన్యం రికార్డుల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది సార్. మీరొక్కసారి చూస్తే..."

"నేను చూడ్డం దేనికి? నువ్వు చదువు, వింటాను."

క్యూరేటర్ చదివింది. "తిండీ నీళ్లూ లేకుండా మూడు రోజులు మందుగుండు పెట్టెలు వీపున మోయడం. భుజంలో తూటా దిగినా వరుస తప్పకపోవడం. మీదికొచ్చిన ఇద్దరు శత్రువులను తన్ని లోయలో పడేయడం."

పక్క కుర్చీలో ఉన్న ఛైర్మన్ మేనత్త కళ్లొత్తుకుంది.

"అచ్చం మా తాతయ్యేరా. కోపమొస్తే నోటితో ఒక్క మాట అనేవాడు కాదట. అంతా కాలితోనే."

"మనింటి రక్తమే అంత అత్తా. నాన్న మొండికేస్తే నలుగురు కలిసి లాగినా కదిలేవాడా?"

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా?" అని మురిసిపోయింది అత్త.

క్యూరేటర్ గుండె చిక్కబట్టుకుంది. "తప్పుగా అనుకోకండి సార్. ఈ పిడుగుకి పిల్లలు లేరు."

"లేరా? మరి మేం ఆకాశం నుంచి ఊడిపడ్డామా?"

"పుట్టే అవకాశమే లేదు సార్. ఎందుకంటే..."

"ఇక ఆపు. మా ముత్తాత మగతనానికి వంక పెట్టేంతదానివయ్యావా? చిన్న నోటికి పెద్ద మాటలు." ఛైర్మన్ లేచి నిలబడ్డాడు. "ఎల్లుండి సభ. అట్టముక్క మీద 'ముత్తాత' కనబడాలి, కింద నీ సంతకం ఉండాలి. లేదా, సరిహద్దులో ఎముకల మ్యూజియం ఒకటుంది. మనిషి కోసం చూస్తున్నారు."

ఆ సరిహద్దు ఊళ్లో బడి లేదు. క్యూరేటర్ కూతురికి రెండు నెలల్లో పదో తరగతి పరీక్షలు. సాయంత్రం వంటింట్లో భర్త దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

"పెట్టెయ్ సంతకం. నూరేళ్ల నాటి సంగతి, ఎవడడుగుతాడు?" అన్నాడతను కూర తరుగుతూ.

"ఎవడైనా అడిగితే? ఇరవై ఏళ్ల ఉద్యోగం. నలుగురిలో నవ్వులపాలయ్యేది నేను."

"పెట్టకపోతే పిల్ల చదువు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. మొహం కడుక్కున్నాక ఒక ఆలోచన వచ్చింది.

ఆ మ్యూజియంలో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. కొత్త వస్తువును గాజుపెట్టెలో పెట్టే ముందు దాని రికార్డును అందరి ఎదుటా పైకి చదవాలి. చదివినవాళ్లే సంతకం పెట్టాలి. ఎప్పుడూ చదివేది క్యూరేటరే.

మర్నాడు అట్టముక్క మీద 'ముత్తాత' అని బొద్దుగా రాయించి ఛైర్మన్‌కి చూపించింది. "రికార్డు నేను చదివితే ఏం బాగుంటుంది సార్? మీ ఇంటి గొప్ప, మీ నోట వింటేనే అందం."

"ఇప్పటికి దారికొచ్చావు," అన్నాడాయన.

సభ నాడు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో అత్త, పట్టుచీరలో. ఛైర్మన్ మైకు అందుకుని కాగితం విప్పాడు. ఎవరో రాసిచ్చిన ఉపన్యాసాలు చదివీ చదివీ నోరు తిరిగిన మనిషి. ముందుగా ఒకసారి చూసుకునే అలవాటు ఏ రోజూ లేదు.

మందుగుండు మోయడానికి చప్పట్లు. తూటాకి చప్పట్లు. తన్నడం దగ్గరికొచ్చేసరికి జనం లేచి నిలబడ్డారు. సంతకం కూడా ఆ ఊపులోనే గీకేశాడు.

"కూర్చోండి, కూర్చోండి. ఇంకో ముక్క ఉంది," అని గొంతు సవరించుకుని, ఛాతీ విరుచుకుని, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ చదివాడు: "జాతి... కంచరగాడిద."